చక్రాల మరియమ్మ

2024 ఫిబ్రవరి 19, సోమవారం

బట్టలు రెండు విడతలు. మెట్లు కడిగాను. చిక్కుడు గింజలు నానబెట్టాను. మా ఆయన ఒస్వాల్దో చొక్కాకి గుండీలు కుట్టాను. గ్యాస్ వచ్చింది. మేడ మీద కుండీలకి నీళ్ళు పోయలేదు, వానే పోసింది.

పొద్దున డయాలిసిస్ వ్యాను పక్కింటి రోములో అన్నయ్యని వెనక్కి తెచ్చి, ఆపడానికి చోటు లేక వీధి చుట్టూ తిరిగి తిరిగి, చివరికి కింద అవెన్యూలో దింపేసి పోయింది. మా రెండిళ్ళ మధ్య పేవ్‌మెంటు ఏటవాలుగా ఉంటుంది. కాలు తీసేశాక చక్రాల కుర్చీ దిగడానికి అన్నయ్యే సిమెంటు కలిపి చేసుకున్న వాలు అది. దాని ముందు ఎవరిదో నీలం కారు. లస్తేనియా మొగుణ్ణి అవెన్యూ నుంచి ఆ ఎత్తు మీదికి తోసుకుంటూ వచ్చింది. నేను ఎదురెళ్ళి ఒక చెయ్యి వేశాను. అన్నయ్య మాత్రం కూర్చున్న చోటు నుంచే మమ్మల్ని అదిలించాడు, ఏమే గుర్రాల్లారా, పొద్దున గడ్డి తినలేదా అని.

ఆ చోటు ఎప్పుడూ మా రెండిళ్ళదే. రాత్రిళ్ళు ఒస్వాల్దో స్కూలు వ్యాను అక్కడ. తెల్లారుజామున అతను పిల్లల కోసం బయల్దేరగానే డయాలిసిస్ వ్యాను అక్కడ. మధ్యాహ్నంలోపు మళ్ళీ అదే. సాయంత్రం మాది. దీన్ని ఎవరూ ఎక్కడా రాసుకోలేదు. డిసెంబరులో మెట్రో తెరిచారు. ఎక్కడెక్కడి వాళ్ళో మా వీధిలో కారు పడేసి రైలెక్కి పోతున్నారు. మూల మీద పద్నాలుగంతస్తుల భవనం కట్టినవాళ్ళేమో పక్కనే మెట్రో ఉందిగా, ఇక కార్లెందుకని సగం ఫ్లాట్లకి పార్కింగే కట్టలేదు. మనుషులు వచ్చారు, కార్లూ వచ్చాయి.

ఫిబ్రవరి 24, శనివారం

కుర్చీ పెట్టాం. ఎత్తుకుపోయారు. బకెట్ నిండా రాళ్ళు పెట్టాం. బకెట్ పక్కకి జరిపి, కారు పెట్టి, బకెట్లో అరటితొక్క వేసి పోయారు. ఒస్వాల్దో పాత టైరులో సిమెంటు పోసి కర్ర నాటాడు. మునిసిపాలిటీ వాళ్ళు లారీలో వేసుకుపోయారు.

ఒస్వాల్దో భోజనం దగ్గర విసుక్కున్నాడు. ఇక ఆ దేవుడే దిగొచ్చి నిలబడాలి అక్కడ, మనవల్ల కాదు అన్నాడు.

నేను ఫ్రిజ్ మీదికి చూశాను. అమ్మ ఇచ్చిన కించె మాత, నల్లని మరియమ్మ విగ్రహం అక్కడే ఉంది, నూనె జిడ్డుతో.

ఫిబ్రవరి 28, బుధవారం

ఒస్వాల్దో పాత టీవీ స్టాండుకి అద్దం తలుపు బిగించి పెట్టె చేశాడు. దాని కింద గ్యాస్ బండ తోసే బండి చక్రాలు నాలుగు. మాతని సబ్బుతో కడిగాను, కిరీటానికి బంగారు రంగు వేశాను. పగలు పెట్టె రోడ్డు మీద ఉంటుంది. మా వ్యానో డయాలిసిస్ వ్యానో రాగానే ఒక్క తోపు, పేవ్‌మెంటు ఎక్కేస్తుంది. నవ్వు ఆగలేదు మాకిద్దరికీ. ఆలోచన నాది, చక్రాలు అతనివి.

మార్చి 4, సోమవారం

గదులు ఊడ్చాను, బియ్యం ఏరాను, మూడు దిళ్ళ గలీబులు.

పనిచేసింది. తెల్లారేసరికి వీధి అంతా కార్లు, మరియమ్మ చోటు మాత్రం ఖాళీ. ఒకడు కారు సగం తిప్పి, పెట్టెని చూసి, శిలువ గుర్తు వేసుకుని వెనక్కి పోయాడు. ఎవరూ చూడకుండా పెట్టె పేవ్‌మెంటు మీదికి తోశాను, డయాలిసిస్ వ్యాను హాయిగా ఆగింది.

లస్తేనియా గుమ్మంలోకి వచ్చి అడిగింది, ఏంటి వదినా, ఈ గుడి ఎప్పుడు కట్టావ్ అని. నిజం చెప్పేదాన్నే. స్టేషను దగ్గర ఎంపనాదాలు వేయించి అమ్మే నార్సిసా ఎదురుగా నిలబడి చెవులు రిక్కించి వింటోంది. అన్నయ్య ఆరోగ్యం కోసం మొక్కుకున్నాను అనేశాను. లస్తేనియా కాసేపు నా మొహంలోకి చూసింది. తర్వాత నన్ను గట్టిగా పట్టుకుంది.

మార్చి 9, శనివారం

లస్తేనియా టేపు పట్టుకుని వచ్చింది. మీ మాత చలికి వణుకుతోంది వదినా, పెట్టె చుట్టూ ముఖమల్ కుచ్చిళ్ళు కుడతాను అంది. మోకాళ్ళ మీద కూర్చుని కొలతలు తీసుకుంది. సాయంత్రానికి కుట్టేసింది కూడా. ముదురు నీలం, అంచుకి వెండి జరీ, నేలని తాకేంత పొడుగు. చక్రాలు బొత్తిగా కనబడటం లేదు. నా గుండె కుదుటపడింది.

కాఫీ తాగుతూ జోచా సంగతి ఎత్తాను. వాళ్ళమ్మాయి పెళ్ళికి నేను ఆరు నాటుకోళ్ళు, ఒక బస్తా బంగాళాదుంపలు జోచాగా, చదివింపుల కింద మోసుకెళ్ళాను. అది ఇంకా నా పుస్తకంలో తీరని పద్దే. మా ఇంట్లో శుభకార్యం వస్తే కదా ఆమె తిరిగిచ్చేది. ఎప్పుడిస్తావమ్మా నా కోళ్ళు అని ఏడిపించాను. నువ్వు పండగ చెయ్యి, ఏడు కోళ్ళు తెస్తాను అంది. ఆరుకి ఆరు ఇస్తే చెల్లు, ఏడోది ఇస్తేనే చుట్టరికం, మీ అమ్మ చెప్పేది కాదా అంది. ఇచ్చినదాని మీద ఒకటి ఎక్కువ పెట్టి ఇవ్వాలి, అప్పుడు బాకీ అటు మారుతుంది, రాకపోకలు ఆగవు. అమ్మ మాటే. నాకంటే లస్తేనియాకే బాగా గుర్తు.

మార్చి 22, శుక్రవారం

నార్సిసా కూతురు మూడో ప్రయత్నంలో యూనివర్సిటీ ప్రవేశపరీక్ష పాసైంది. నార్సిసా వీధి వీధంతా వినబడేట్టు అరుస్తూ వచ్చి మరియమ్మ ముందు గులాబీలు పెట్టింది. రోజూ ఎంపనాదాలు మూట కట్టుకుని ఇటే పోతూ అడిగేదట. నా తల్లే, నా నల్లపిల్లే, విన్నావే అని ఏడ్చింది. నన్ను ముద్దు పెట్టుకుంది. నా బుగ్గకి నూనె.

మార్చి 26, మంగళవారం

కొవ్వొత్తులు పదిహేనో ఇరవయ్యో. వెలుగుతున్న కొవ్వొత్తులతో పెట్టె తొయ్యడం ఎలా?

మార్చి 29, శుభ శుక్రవారం

ఫనెస్కా చేశాను. పన్నెండు గింజలు, ఉప్పుచేప, గుమ్మడి. లస్తేనియా ఇంటికి పెద్ద గిన్నె. ఆమె గిన్నెలో ఆమె ఫనెస్కా పోసి పంపింది. నా దాంట్లో ఉప్పు తక్కువట.

సాయంత్రం ఒస్వాల్దో వ్యానుతో వచ్చేసరికి పెట్టె ముందు జపమాల చెబుతున్నారు. కొత్త భవనం నుంచి కూడా జనం, ఒక కుర్ర జంట. ఒస్వాల్దో మర్యాదగా వీధి చుట్టూ తిరిగొచ్చాడు. మళ్ళీ తిరిగాడు. వాళ్ళు మాత ప్రార్థన మాలిక మొదలుపెట్టారు. చివరికి వ్యాను సంత దగ్గర పెట్టి నడుచుకుంటూ వచ్చి, టోపీ తీసి, మా కోసం ప్రార్థించండి అని అందరితో పాటు గొంతు కలిపాడు. ఇంట్లోకి రాగానే, నీ మాత నా పార్కింగ్ తినేసిందే అన్నాడు. అప్పటికి ఇంకా నవ్వగలిగాం.

ఏప్రిల్ 7, ఆదివారం

ఇవాళ ఏ పనీ చెయ్యలేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

పూజ అయ్యాక హార్డ్‌వేర్ కొట్టు దోన్ అబ్దోన్ వీధి సంఘాన్ని మా ఇంటి ముందే కూర్చోబెట్టాడు. ఆయనే అధ్యక్షుడు. మాత ఇలా టీవీ స్టాండులో ఉంటే మనకే సిగ్గుచేటు, సిమెంటు దిమ్మె కట్టి, రేకు కప్పు, ఇనుప గ్రిల్, ముందు ఒక బల్ల వేద్దాం, సామానంతా నా కొట్టు నుంచే అన్నాడు. చప్పట్లు. కుర్ర జంట సోలార్ దీపం ఇస్తామన్నారు. మళ్ళీ చప్పట్లు.

లస్తేనియా చెయ్యెత్తింది. డయాలిసిస్ వ్యాను ఆగేది అక్కడేనండీ అంది. వాలు అక్కడే ఉంది, కుర్చీ దిగేది అక్కడే అంది.

దోన్ అబ్దోన్ చెయ్యి ఊపేశాడు. రెండు నిమిషాలు నడిరోడ్డు మీద ఆపుకుంటే ఏం పోతుందమ్మా, మాత ముందు నుంచి కుర్చీ పోతే ఆశీర్వాదమే కదా అన్నాడు. ఒక్క కారు చోటు, అంతేగా, ఎవరికైనా అభ్యంతరమా, ఇప్పుడే చెప్పండి, తర్వాత గొణగొద్దు అన్నాడు.

ఒస్వాల్దో నా చెవిలో అన్నాడు, నువ్వు చెప్పు, నీ మాతే కదా అని. అతను చెప్పొచ్చు. చెప్పలేదు.

నేను అనాల్సింది చిన్న మాట. అయ్యా, ఇది మొక్కు కాదు, కార్లు పెట్టకుండా పెట్టుకున్న అడ్డు, కుచ్చిళ్ళెత్తి చూడండి, చక్రాలుంటాయి. అంతే. నార్సిసా ముందు వరుసలో చేతులు జోడించుకుని కూర్చుంది. వాళ్ళమ్మాయి పక్కనే ఉంది, కొత్త పుస్తకాల సంచీతో. లస్తేనియా ఎవరినీ చూడటం లేదు, నన్నే చూస్తోంది.

ఈలోపు దోన్ అబ్దోన్ నవంబరులో మాత పండగకి ఈ ఏడు ప్రియోస్తె మన పియెదాద్ వదినగారే అని ప్రకటించాడు. పండగ నడిపించే ఆ గౌరవం మా ఇంట్లో ఎవరికీ ఎప్పుడూ దక్కలేదు. అమ్మకి ఎంత ఆశ ఉండేదో. అందరూ నా వైపు తిరిగారు.

లేచి నిలబడ్డాను. కృతజ్ఞతలు చెప్పాను.

ఏప్రిల్ 12, శుక్రవారం

రేపు మేస్త్రీలు వస్తారు. చీకటిపడే వేళ ఒస్వాల్దో స్క్రూడ్రైవరు తీసుకెళ్ళి, ఎవరూ చూడకుండా చక్రాలు నాలుగూ విప్పుకొచ్చాడు. పాతగుడ్డలో చుట్టి పనిముట్ల పెట్టెలో పెట్టాడు. నేను టార్చి పట్టుకున్నాను.

ఏప్రిల్ 14, ఆదివారం

సిమెంటు ఆరలేదు. పిల్లి నడిచిపోయింది.

ఏప్రిల్ 19, శుక్రవారం

దుప్పట్లు ఉతికాను. కరెంటు లేదు, ఇస్త్రీ మిగిలిపోయింది.

డయాలిసిస్ వ్యాను నడిరోడ్డు మీద ఆగింది. వెనక మెట్రోకి పరిగెత్తే కార్లు వరసగా హారన్లు. ఒకడు తల బయట పెట్టి, ముసలాణ్ణి ఇంట్లో పడుకోబెట్టుకోవచ్చుగా అని అరిచాడు. రోములో అన్నయ్య ఊరుకోలేదు. నాయనా, నీకు రెండు కాళ్ళున్నాయి, కారుంది, రైలుంది, ఇంకా తొందరేనా, ఆ రెండో కాలు నాకిచ్చిపో అన్నాడు. అందరూ నవ్వారు. వ్యాను డ్రైవరు నవ్వలేదు. నడిరోడ్డు మీద లిఫ్టు దించితే నా ఉద్యోగం పోతుందమ్మా, సోమవారం నుంచి అవెన్యూ దగ్గరికి తీసుకురండి అన్నాడు.

అవెన్యూ వరకు మా వీధి ఎలా జారుతుందో నాకు తెలుసు. నారింజకాయ చెయ్యి జారితే కింద బస్‌స్టాపు దాకా ఆగదు.

ఏప్రిల్ 22, సోమవారం

కుర్చీ దింపడానికి ఒస్వాల్దో ఉండలేడు, ఆ వేళకి అతను పిల్లలతో ఉంటాడు. నేనే లస్తేనియాతో వెళ్ళాను. ఇక ప్రతిసారీ వస్తాను అన్నాను. సరే అంది. 

మే 8, బుధవారం

రాత్రి నుంచి వాన. నాకు మోకాలు నొప్పి. ఇవాళ ఒక్కరోజు నార్సిసాని తోడు తీసుకోమని లస్తేనియాకి కబురు పంపాను. నార్సిసా అప్పటికే స్టేషను దగ్గరికి వెళ్ళిపోయిందట. లస్తేనియా ఒక్కతే దింపింది.

కుర్చీ జారింది. ఆమె వదల్లేదు, కుర్చీ ఆమెని కూడా కొంత దూరం ఈడ్చుకుపోయింది. చెత్తడబ్బాకి తగిలి ఆగింది. ఆమె మోచేతులు చెక్కుకుపోయాయి. అన్నయ్య ఎడమ చెయ్యి మీద పడ్డాడు. రక్తం శుద్ధి చెయ్యడానికి సూదులు గుచ్చేది ఆ చేతికే.

అరుపు విని పరిగెత్తాను. పరిగెత్తడానికి మోకాలు బాగానే పనిచేసింది.

మే 11, శనివారం

ఆస్పత్రి. చెయ్యి పనికిరాదన్నారు. మెడ దగ్గర గొట్టం వేశారు. అన్నయ్య నన్ను చూసి, పియెదాద్, నాకు మెట్రో కొత్త లైను వేశారు చూడు అన్నాడు. లస్తేనియా బయట వరండాలో ఉంది. నేను తెచ్చిన చారు ఫ్లాస్కు తీసుకుంది. ఖాళీ ఫ్లాస్కు కడిగి ఇచ్చింది.

జూన్ 15, శనివారం

వాళ్ళు వెళ్ళిపోతున్నారట. లోయలో, కొనోకోతోలో క్లినిక్ పక్కనే కింది వాటా దొరికిందట. లస్తేనియా నాకు చెప్పలేదు, నార్సిసా చెప్పింది.

జూలై 6, శనివారం

సామాను లారీకి వీధిలో చోటు లేదు. అవెన్యూలో ఆపారు. మంచాలు, కుట్టుమిషను, అల్మారా, అన్నీ చేతుల మీద ఆ వాలు కిందికి మోశాం. ఒస్వాల్దో ఫ్రిజ్ వీపున కట్టుకున్నాడు. దోన్ అబ్దోన్ కూడా వచ్చి రెండు కుర్చీలు మోశాడు. పాపం చెడ్డవాడు కాడు.

అన్నయ్య తనని మాత ముందు ఆపమన్నాడు. సిమెంటు దిమ్మె, గ్రిల్, ప్లాస్టిక్ పూలు, అన్నీ తీరిగ్గా చూశాడు. ఏం తల్లీ, బెత్లెహేములో నీకు సత్రంలో చోటివ్వలేదు, ఇక్కడ మా పార్కింగే ఇచ్చేశాం, లెక్క సరిపోయిందా అన్నాడు. టోపీ ఎత్తాడు. ఒస్వాల్దో కుర్చీ దింపుకుంటూ తీసుకెళ్ళాడు.

ఖాళీ ఇంట్లో నేను, లస్తేనియా మిగిలాం. నేల తుడుస్తున్నాం. గుడ్డ పిండుతూ, తలెత్తకుండా అడిగింది.

చక్రాలు జాగ్రత్తగా దాచారా వదినా?

 మొదటి రోజే చూశాను అంది. కొలతలు తీసుకున్నది నేనే కదా అంది. కుచ్చిళ్ళు నేలని తాకేలా ఎందుకు కుట్టాననుకున్నావ్ అంది. మొక్కు అన్నావు, సరేలే, మన ఇద్దరి కోసమే కదా ఈ నాటకం అనుకున్నాను, నవ్వుకున్నాను కూడా అంది.

మరి సంఘంలో చెప్పొచ్చు కదే అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో నా నోట్లోంచి.

చెబితే నువ్వు ఈ వీధిలో తలెత్తుకోగలవా అంది. నేను చెబితే నీ పరువు పోతుంది, నువ్వే చెబితే నవ్వులాట అయిపోతుంది, అబ్దోన్ కూడా నవ్వేవాడు. అందుకే నువ్వే లేస్తావని చూస్తూ కూర్చున్నాను. నువ్వు లేచావు కూడా.

అంతే అంది. బకెట్ నీళ్ళు పారబోసి, తాళం వేసి, తాళంచెవి ఇంటి ఓనరుకి ఇవ్వమని నా చేతిలో పెట్టింది. ముద్దు పెట్టుకుంది, అందరినీ పెట్టుకున్నట్టే.

జూలై 7, ఆదివారం

ఇస్త్రీ. పక్కింట్లో మిషను చప్పుడు లేదు.

ఆగస్టు 18, ఆదివారం

కొనోకోతో వెళ్ళాను. ఇంటి ముందు చెట్టు నీడ, వ్యాను ఆగడానికి కావలసినంత చోటు. పెరట్లో కోళ్ళు పెంచుతోంది. అన్నయ్య నిద్రపోతున్నాడు. కాఫీ ఇచ్చింది. నాకు చక్కెర ఎన్ని చెంచాలో ఆమెకి తెలుసు. చక్కెర డబ్బా నా ముందు పెట్టింది, వేసుకోమని.

క్షమించమని అడిగాను. దేనికిలే వదినా, ఇక్కడ ఆయనకి బాగానే ఉంది అంది. బస్సు టైమైపోతుంది, బయల్దేరు అంది.

అక్టోబర్ 24, గురువారం

కరెంటు కోత. ఊరంతా చీకటి, మా వీధిలో మాత దగ్గర సోలార్ దీపం ఒక్కటే. అందరూ బల్ల మీద, మెట్ల మీద కూర్చుని కబుర్లు. కొత్త భవనం వాళ్ళు గిటారు తెచ్చారు. ఇన్నేళ్ళలో ఈ వీధి మనుషులు ఇలా కలిసి కూర్చోవడం నేను చూడలేదు. నార్సిసా వేడి ఎంపనాదాలు పంచింది. నువ్వు మొక్కకపోతే ఇదంతా ఎక్కడిది తల్లీ అంది నాతో.

లోపలికి వచ్చేశాను.

ఒస్వాల్దో వ్యాను సంత వెనకే ఉంటోంది. ఈ నెల అద్దం పగలగొట్టారు. వ్యాను ఇక్కడుండాల్సింది అని అతను ఒక్కసారి కూడా అనడు. చక్రాల మూట ఎటో మార్చాడు, పనిముట్ల పెట్టెలో లేదు. అడగలేదు.

నవంబర్ 10, ఆదివారం

పండగకి జోచాలు చెప్పుకున్నాం. నార్సిసా: రెండు వందల ఎంపనాదాలు. దోన్ అబ్దోన్: బాణసంచా. కుర్ర జంట: బ్యాండు మేళం, ఒక గంట. లస్తేనియాకి నేను ఫోన్ చెయ్యలేదు. అడగకూడదు. గుర్తుంటే ఆమే పంపాలి.

ఏడు కోళ్ళకి సరిపడే పెద్ద గంప ఒకటి కడిగి ఎండబెట్టాను. ఎందుకైనా మంచిదని.

నవంబర్ 20, బుధవారం

మొక్కజొన్న మోతె ఉడికించాను, నాలుగు కుండలు. పంది మాంసం ఊరబెట్టాను. మాతకి కొత్త కిరీటం. గ్రిల్ లోపల లస్తేనియా కుట్టిన నీలం కుచ్చిళ్ళు ఇంకా ఉన్నాయి, సిమెంటు దిమ్మె మీద మడతపడి, అనవసరంగా పొడుగ్గా. కత్తిరించి అంచు వేద్దామా అంది నార్సిసా. ముట్టుకోవద్దన్నాను. కసిరినట్టు వినబడి ఉంటుంది.

నవంబర్ 21, గురువారం, మాత పండగ

ఊరేగింపు కదిలే ముందు కొనోకోతో నుంచి బాడుగ పికప్ వచ్చింది. ఆగడానికి చోటు లేక డ్రైవరు నడిరోడ్డు మీదే దింపి పోయాడు. లస్తేనియా రాలేదు.

బంగాళాదుంపలు, ఒక బస్తా. నాటుకోళ్ళు, కాళ్ళు కట్టి గంపలో.

గంప బోర్లించాను. గోనె దులిపాను. మళ్ళీ లెక్కపెట్టాను.

ఆరు.

లస్తేనియా జోచా తీరింది.